హమాకువాలో మా రెండున్నర ఎకరాలు

మా తోట గేటు పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో అరిగిపోయిన బ్రష్షు ఒకటి, 70 శాతం ఆల్కహాల్ నింపిన స్ప్రే బాటిల్ ఒకటి. ఎవరొచ్చినా చెప్పులకున్న మట్టి బ్రష్షుతో గీకేసి, అడుగున స్ప్రే కొట్టుకుని లోపలికి రావాలి. మొన్న కాలిఫోర్నియా నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు అది చూసి, "ఏంటక్కా, గుడికొచ్చినట్టు కాళ్ళు కడుక్కోమంటున్నావ్" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నా. వాడికి అగ్నిపర్వతం చూసే తొందర. ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మాది కోనసీమ. మా ఆయనది హవాయి దీవుల్లో పెద్దది, అందరూ బిగ్ ఐలండ్ అనేది. హిలో ఊరి నుంచి ఉత్తరానికి వెళ్తే హమాకువా తీరం వస్తుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క మౌనా కెయా కొండ, మధ్యలో లెక్కలేనన్ని వాగులు. పెళ్ళయ్యాక 2003లో మొదటిసారి మా ఆయన నన్ను "మా తాతల నేల" అని అక్కడికి తీసుకెళ్ళాడు. నేలా ఏదీ? మనిషిని మించిన గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. దగ్గరికెళ్ళి ఆకు తుంచి చూస్తే నవ్వొచ్చింది. గినీ గడ్డి! మా ఊళ్ళో గేదెల కోసం నాన్నగారు ఎక్కడినుంచో దుబ్బులు తెప్పించి, నీళ్ళు పెట్టి మరీ పెంచిన గడ్డి. ఇక్కడ దాన్ని చూసి జనం తల పట్టుకుంటున్నారు. హమాకువాలో వందేళ్ళకు పైగా చెరకే పండింది. 1994లో ఇక్కడి చెరకు కంపెనీ మూతపడింది. చెరకు పోయిన చోటల్లా గడ్డి, కొన్నిచోట్ల యూకలిప్టస్. చెరకు తోటల పనికి జపాను, చైనా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ నుంచి మనుషుల్ని తెచ్చుకున్నారు. మనవాళ్ళు అదే పనికి ఫిజీ, మారిషస్ వెళ్ళారు గానీ ఇటు పెద్దగా రాలేదు. అందుకేనేమో, మా అత్తగారి బంధువుల్లో తెలుగు మాట విన్నదాకా నన్ను ఫిజీ అమ్మాయినే అనుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

ఆ రెండున్నర ఎకరాలు చెరకులో కలిసిపోకుండా మిగలడానికి కారణం అది కులెయానా భూమి కావడం. 1848లో హవాయి రాజు మూడో కమేహమేహా కాలంలో భూమిని పంచారు. రాజుకి కొంత, రాజు కింది నాయకులకి కొంత, ప్రభుత్వానికి కొంత. 1850లో చట్టం తెచ్చి, నేలని దున్నుకుంటున్న మామూలు జనానికి కూడా "నీ చేను నీదని రుజువు చేసుకో, ఇస్తాం" అన్నారు. కాగితాలంటే ఏమిటో తెలియని మనుషులు సర్వేలు చేయించుకుని, సాక్షులని తెచ్చుకుని రుజువు చేసుకోవాలి. అలా దక్కింది మొత్తం నేలలో ఒక శాతం కూడా లేదు. మా ఆయన ముత్తాతకి తాత ఎవరో ఆ ఒక శాతంలో ఉన్నాడు. కులెయానా అన్న మాటకి హక్కు అని అర్థం, బాధ్యత అనీ అర్థం. రెండూ ఒకే మాట. ఒకదాన్ని తీసుకుని రెండోది వదిలెయ్యడానికి వీల్లేకుండా ఆ భాషలోనే ముడేశారు. కాగితం మీద వారసులు నలభై మందికి పైనే. వాళ్ళ మధ్య మాట కుదరడానికి పట్టిన రెండేళ్ళ గొడవ ఇక్కడ రాయను, మన ఇళ్ళల్లో తెలియనిదేం కాదు.

మాట కుదిరాక నేను కాగితం మీద లిస్టు రాసుకున్నా. మామిడి, పనస, సీతాఫలం, సపోటా, నిమ్మ, జామ, కరివేపాకు. కళ్ళ ముందు కోనసీమ. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని లిస్టు చదివి, జామ దగ్గర ఆగి పకపకా నవ్వారు. "అమ్మాయ్, జామ కావాలంటే కొనక్కర్లేదు, నరకడానికి మనుషులు కావాలి" అన్నారు. నిజమే. ఇక్కడ ఎర్రటి చిన్న కాయలు కాసే ఒక రకం జామ అడవుల్ని మింగేస్తోంది. ఒక చెట్టు కింద గొడుగు వేసినట్టు వంద మొలకలు, ఇంకేదీ లేవదు. తర్వాత ఆవిడ అదే కాగితం వెనక్కి తిప్పి తన లిస్టు రాశారు. ఉలు, కలో, కోఆ, ఓహియా, మామకి, ఇలియాహి, హలా, లౌలు. ఒక్క పేరూ నాకు తెలియదు. కోఆ అని చదవగానే నాకు పాలకోవా తప్ప ఇంకేమీ తట్టలేదు, అదే పైకి అనేశాను కూడా. ఆవిడకి పాలకోవా అంటే ఏమిటో వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది, తర్వాత చేసి పెట్టాల్సీ వచ్చింది.

ఒప్పందం ఏమిటంటే రోడ్డు వైపు నా పళ్ళ తోట, వాగు వైపు ఆవిడ చెట్లు. మొదటి ఏడాదంతా గడ్డితోనే సరిపోయింది. కోసిన పది రోజులకి మోకాలెత్తు. చివరికి కోసిన గడ్డినే మందంగా పరిచి, దాని మీద అట్టపెట్టెలు విప్పి కప్పి, మళ్ళీ గడ్డి వేస్తే గానీ లొంగలేదు. ఊరంతా తిరిగి అట్టపెట్టెలు ఏరుకొచ్చిన రోజులవి. ఫ్రిజ్ కొన్నవాళ్ళ ఇంటికి పెట్టె కోసం వెళ్ళి కాఫీ తాగి వచ్చేదాన్ని.

2005లో అమ్మా నాన్నగారూ ఆరు నెలలు ఉండేలా వచ్చారు. అమ్మ చీర మడతల మధ్య నాలుగు బంగినపల్లి టెంకలు దాచి తెచ్చింది. విమానాశ్రయంలో సామాన్లు చూసే ఆయన వాటిని బయటికి తీసి, చాలా మర్యాదగా, నవ్వుతూనే చెత్తడబ్బాలో వేశాడట. అమ్మ ఆ నవ్వుని జన్మలో క్షమించలేదు. ఇన్నేళ్ళు ఇక్కడున్నాక నాకు ఆయనదే సబబనిపిస్తుంది గానీ, అమ్మ ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

నాన్నగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం. అత్తగారికి తెలుగు సున్న. ఇద్దరూ పొద్దున్నే తోటకి వెళ్ళేవాళ్ళు. మూడో రోజనుకుంటా, నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి వాగు ఒడ్డున ఇద్దరూ ఒక దుబ్బు ముందు కూర్చుని ఉన్నారు. వెడల్పాటి ఆకులు, అరటి పిలకలాగా. నాన్నగారు ఆకు తుంచి నలిపి వాసన చూశారు. వేలితో మన్ను కెలికి కొమ్ము ఒకటి బయటికి లాగి, గోరుతో గీరారు. లోపల నారింజ రంగు. ఆయన మొహం వెలిగిపోయింది. "పసుపు!" అన్నారు. అత్తగారు తల అడ్డంగా ఊపి, "ఓలెనా" అన్నారు. "పసుపండీ." "ఓలెనా." ఒకరికొకరు నేర్పించుకుంటున్నట్టు నాలుగైదుసార్లు అనుకున్నారు. తర్వాత అత్తగారు నన్ను మధ్యలో పెట్టి చెప్పారు. వెయ్యేళ్ళ నాడు ఎప్పుడో దక్షిణ దీవుల నుంచి పడవల్లో వచ్చిన పూర్వీకులు వెంట తెచ్చుకున్న మొక్కల్లో ఇదొకటట. ఇల్లు కట్టినా, పడవ దింపినా ఓలెనా కలిపిన ఉప్పునీళ్ళు చల్లి శుద్ధి చేస్తారట. నేను తెలుగులో చెప్తుంటే నాన్నగారు మధ్యలోనే, "పసుపు నీళ్ళు చల్లుతారని చెప్పు, అర్థమైంది" అన్నారు.

ఆ తర్వాత ఆయనకి అదో ఆటైపోయింది. సముద్రం ఒడ్డున మీలో అని చూపిస్తే గంగరావి అన్నారు. కమాని అంటే పొన్న. హలా అంటే మొగలి, ఆ ఆకులతోనే ఇక్కడ చాపలు, బుట్టలు అల్లుతారు. కలో అంటే చేమ. నియు కొబ్బరి, కో చెరకు, మైయా అరటి. "ఊరు మారింది గానీ చెట్లు మనవేనే" అని అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు గట్టిగా అనేవారు, అమ్మ పక్కనే ఉన్నా.

చేమ గురించి అత్తగారు చెప్పిన కథ మాత్రం నాన్నగారు ఊరెళ్ళాక కూడా పదిమందికి చెప్పారు. ఆకాశ దేవుడికి పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. పాతిపెట్టిన చోట మొలిచిందే కలో. రెండో బిడ్డ మనిషి, హాలోవా. అంటే చేమదుంప మనకి అన్నయ్య. అన్నయ్య తిండి పెడతాడు, తమ్ముడు చూసుకుంటాడు. ఇంకోటి, కుటుంబాన్ని వాళ్ళు ఓహానా అంటారు. ఆ మాట కలో పిలక పేరు ఓహా నుంచి వచ్చింది. తల్లి దుంప చుట్టూ పిలకలు. అరటి తోటలో పుట్టి పెరిగిన నాన్నగారికి దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

మామిడి మొక్క నాటడానికి ముహూర్తం దగ్గర ఇంకో తమాషా. టెంకలు పోయాయి కాబట్టి హేడెన్ అనే రకం అంటు కొన్నాం. నాన్నగారు పంచాంగం తీశారు. అత్తగారు చంద్రుడి కాలెండర్ తీశారు. హవాయి లెక్కలో నెలలో ప్రతి రాత్రికీ ఒక పేరుంది, నెలవంక రాత్రి పేరు హిలో. ఏడో రాత్రి నుంచి పదో రాత్రి దాకా ఓలే రాత్రులు. ఓలే అంటే లేదు, శూన్యం. అప్పుడు నాటరు, చేపలకీ వెళ్ళరు. నాన్నగారు ఏమో, "ఇవాళ అష్టమి, రేపు నవమి, నేను ముట్టుకోను" అన్నారు. ఇద్దరూ ఒకే మాట అంటున్నారని తెలిశాక వాళ్ళ ఆనందం చూడాలి. నాకేమో గోతిలో నీళ్ళు నిండుతున్నాయని టెన్షన్. మూడు రోజులు తొట్టిలోనే ఉంది మొక్క.

2006లో మా అమ్మాయి పుట్టింది. ఇక్కడ బిడ్డ మాయని ఇంటి నేలలో పాతి, పైన చెట్టు నాటే ఆచారం ఉంది. అత్తగారి తమ్ముడు, మేమంతా అంకుల్ అనే ఆయన, తన పెరట్లోని ఉలు వేరు నుంచి లేచిన పిలకని తెచ్చారు. ఉలు అంటే మన సీమపనస. పాత రకాల్లో గింజ ఉండదు, వేరు పిలకే దిక్కు. వేరుకి పిలక లేచాక పిలకకి రెండువైపులా వేరు కోసి, కొన్నాళ్ళు అక్కడే ఉంచి, సొంత వేళ్ళు పట్టాక తవ్వి తీస్తారు. అంకుల్ ఆ మొక్కని పసిబిడ్డని పట్టుకున్నట్టు తడిగుడ్డలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కార్లో వచ్చారు. ఇప్పుడది తాటిచెట్టంత. నిప్పుల మీద పెట్టి తొక్క నల్లగా మాడేదాకా కాల్చి తినడం వాళ్ళ పద్ధతి. నేను లేత కాయ ముక్కలు ఉడికించి ఆవ పెట్టి కూర చేస్తా. అత్తగారు మొదట్లో ముక్కు మూసుకున్నారు. ఏడాది తిరిగేసరికి "ఆవాల కూర" అని తెలుగులోనే అడిగేవారు.

వాగు వైపు చెట్లు అంత సులువుగా రాలేదు. కోఆ గింజ గట్టి రాయి. సలసల కాగిన నీళ్ళు దించి దాని మీద పోసి ఒక రోజు వదిలేస్తే, కొన్ని ఉబ్బి మెత్తబడతాయి. ఉబ్బనివి మళ్ళీ వేడినీళ్ళకి. మొలక లేస్తే అచ్చం తుమ్మ మొక్క. చిన్న చిన్న రెబ్బలు. తుమ్మకి చుట్టమే కూడా. కొంచెం పెరిగాక ఆ రెబ్బల కాడ వెడల్పై కొడవలిలా వంపు తిరుగుతుంది, రెబ్బలు రాలిపోతాయి. ఒకే కొమ్మ మీద సగం రెబ్బలు, సగం కొడవళ్ళు ఉన్న రోజుల్లో చూడాలి దాన్ని. కోఆతో వాళ్ళు పెద్ద పడవలు చేసేవాళ్ళు. ఇరవై మొక్కలు పెట్టాం. కొండ పైన బాగా వస్తుంది గానీ కింద నేలల్లో దానికి ఎండు తెగులు. పదకొండు ఒక్కొక్కటిగా ఆకులు పసుపెక్కి పోయాయి. బతికిన తొమ్మిది మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇలియాహి అంటే చందనం. హవాయికి సొంత చందనం ఉందని నాకు తెలియదు. 1810 నుంచి ఒక ఇరవై ఏళ్ళలో దాదాపు మొత్తం నరికి చైనాకి అమ్మేశారు. ఆ నాయకుల అప్పులు తీర్చడానికి జనాన్ని పొలాలు వదిలించి కొండలెక్కించారు. ఈ పీడ తమ పిల్లలకి వద్దని కొందరు మొలకలు పీకి పారేశారని అత్తగారు చెప్పేవారు. మేం పెట్టిన నాలుగు ఇలియాహి మొక్కలు బిగుసుకుపోయి ఉంటే, నాన్నగారు ఫోన్లో, "పక్కన ఏదైనా తోడు మొక్క ఉందా? మన దగ్గర శ్రీగంధం పక్కన కంది వేస్తారు, దాని వేళ్ళలోంచి తాగుతుంది అది" అన్నారు. తోడు లేదు. అప్పటికి బతికున్న కోఆల పక్కకి రెండింటిని మార్చాం. అవి రెండే బతికాయి.

ఇక నా పళ్ళ తోట. రాంబుటాన్, లిచీ, పనస, నిమ్మ బాగానే వచ్చాయి. ఒక నర్సరీలో కొన్న రాంబుటాన్ మొక్క తొట్టిలో మాత్రం బోనస్ వచ్చింది. చిన్న నిప్పుచీమలు, ఆవగింజలో సగం ఉంటాయి. చెట్టు కొమ్మల్లో గూడు పెడతాయి, కొమ్మ కదిలితే మెడ మీద, చొక్కా లోపల వానలా రాలి కుడతాయి. ఉన్నాయో లేవో తెలియాలంటే పుల్లకి పల్చగా పీనట్ బటర్ రాసి గంట సేపు కొమ్మలో గుచ్చి చూడాలి. అది ముందే చెయ్యాల్సింది, చెయ్యలేదు. ఆరు వారాలకోసారి చొప్పున ఏడాది పొడుగునా చెట్టు చెట్టుకీ ఎర మందు కొట్టాం. ఇప్పుడు కొత్త మొక్క ఏది కొన్నా పుల్ల గుచ్చకుండా కారెక్కించను.

మామిడికి ఇక్కడ వానే శత్రువు. హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైన పడుతుంది, మా కోనసీమ వానకి రెండింతలకి పైనే. ఇక్కడి వానకి పేర్లున్నాయి. హిలో వాన పేరు కనిలెహువా. వినడానికి బాగానే ఉంటుంది, మామిడికి పూత వచ్చిన వారానికి ఆ కనిలెహువా వచ్చి పడితే పూతంతా నల్లగా మాడి రాలిపోతుంటే తెలుస్తుంది. దీవికి అవతలి పక్క, పొడి నేల కోనా వైపు మామిళ్ళు విరగకాస్తాయి. మాకు ఏళ్ళ తరబడి ఒక్క పిందె లేదు. మా ఆయన కొట్టేసి ఇంకో ఉలు పెడదామన్నాడు. నాన్నగారు ప్రతి ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "పూత ఎలా ఉంది?" అనేవారు. "బాగుంది నాన్నా" అనేదాన్ని.

2014లో ఓహియా చెట్లు చచ్చిపోతున్నాయన్న వార్త వచ్చింది. ఓహియా ఈ దీవుల అడవికి వెన్నెముక. లావా గడ్డకట్టిన చోట ముందు మొలిచే చెట్లలో అదొకటి, దాని ఎర్రటి కుచ్చు పువ్వు లెహువా. ఆ పువ్వు కోస్తే వాన వస్తుందంటారు. ఏదో బూజు, గాయంలోంచి లోపలికెళ్ళి నీళ్ళు పోయే దారులు మూసేస్తుంది. పచ్చగా ఉన్న చెట్టు కొన్ని వారాల్లో మొత్తం గోధుమరంగుకి తిరుగుతుంది, ఆకు రాలదు, నిలువునా ఎండుతుంది. హిలోకి దక్షిణాన ఉన్న పూనా వైపు కొండలు చూస్తే గుండె ఆగింది. ఈ దీవిలో లక్షల చెట్లు పోయాయి. మట్టితో, చెప్పులతో, కత్తులతో పాకుతుందని తెలిశాక గేటు దగ్గర డబ్బా పెట్టింది అత్తగారే. వాగు ఒడ్డున మాకు మూడు పాత ఓహియాలున్నాయి, ఆవిడ తాతగారు చూసినవి. ఆ ఏడాది నుంచి గడ్డి కోసే మెషిన్ని వాటి దగ్గరికి రానివ్వలేదు. తొంభై కిలోల మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ గడ్డి చేత్తో పీకేవారు, వేరు గీరుకోకుండా.

ఆవిడకి హవాయి భాష రాదు. 1896లో బడుల్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి పనికిరాదని చట్టం చేశారు, ఇంట్లో పెద్దవాళ్ళు భయపడి పిల్లలకి నేర్పడం మానేశారు. ఆవిడ దాకా వచ్చినవి చెట్ల పేర్లూ వానల పేర్లే. మా అమ్మాయి హవాయి భాషలో చెప్పే బడికి వెళ్ళి, వచ్చి నానమ్మ ఉచ్చారణ దిద్దేది. ఆవిడ కోప్పడకుండా దిద్దుకునేవారు. నేను కూడా.

నాన్నగారు 2017లో పోయారు. ఆ ముందు ఏడాది చలికాలం వానలు తగ్గి, మామిడికి ఏడు కాయలు నిలిచాయి. ఫొటో పంపితే, "పూత బాగుందన్నావుగా ఇన్నేళ్ళూ, ఏడేనా" అన్నారు. ఆయనకి ముందే తెలుసని అప్పుడర్థమైంది. ఆ ఏడింట్లో మూడు పచ్చివే కోసి అత్తగారు వెనిగర్, పంచదార పోసి ఊరేశారు, ఇక్కడ అదే మామిడికాయ పచ్చడి. రెండింటిని నేను ఆవకాయ పెట్టాను. మిగతా రెండూ పండేదాకా వలకట్టి కాపలా కాశాం. 2021లో అత్తగారూ వెళ్ళిపోయారు.

ఈ మార్చిలో మామిడి దగ్గర కలుపు తీస్తుంటే, రెండు కొమ్మలు చీలే చోట, నాచు పట్టిన పంగలో, బొటనవేలంత మొక్క కనబడింది. ఎర్రటి లేత ఆకులు, గుండ్రంగా, చెంచా ముక్కుల్లా. కళ్ళజోడు లేక మా అమ్మాయిని పిలిచాను. సెలవులకి ఇంటికొచ్చి ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, చాలాసేపు చూసి, "ఓహియా అమ్మా" అంది. గింజ ధూళిలా ఉంటుంది, గాలికి వాగు వైపు నుంచి ఎగిరొచ్చి ఉంటుంది. తీసి నేలలో పెడదామా అన్నాను. "వేరు గీరుకుంటుంది, ముట్టుకోకు" అంది, అచ్చం వాళ్ళ నానమ్మలా. మా ఆయన కింద నిలబడి, ఇది పెద్దదైతే మామిడి పంగ చీలుతుందేమోనని లెక్కలు వేస్తున్నాడు. పెరగడానికి దానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుందిలే అని నిచ్చెన తీయించాను. నిచ్చెన కాళ్ళకి స్ప్రే కొట్టామా లేదా అని ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చి, టార్చ్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.